వంశావళి లిఖించు విద్య

పరుల వంశవృక్షములను కాగితముపై గీయుట నాకు చిరకాలముగ నున్న వ్యసనము. తాతముత్తాతల నామములను కూర్చుట యంత కష్టము కాదు. ఎవరిని ఏ కొమ్మపై నిలుపవలయును, ఎవరిని మాట లేకుండ జారవిడువవలయును అను నిర్ణయమునందే యీ విద్య గుట్టంతయు నున్నది. ఇందు నాకు గురుస్థానీయుడు జర్మనీ దేశమున హెల్మార్స్‌హౌజెన్ మఠమందు సువార్తగ్రంథ మొకదానిని లిఖించిన హెరిమన్ అను సన్న్యాసి.

ఆ గ్రంథమును వ్రాయించినవాడు సాక్సనీ, బవేరియా మండలముల నేలి, సింహబిరుదాంకితుడై, బ్రౌన్‌ష్వైగ్ కోట ముంగిట కంచుసింహమును నిలిపిన వెల్ఫ్ వంశీయుడు హైన్రిఖ్. అందలి చిత్రమొకదాన దైవహస్తములు ఆతనికిని, భార్య మటిల్డాకును కిరీటముల నొసగుచుండ, ఆతని వెనుక తల్లిదండ్రులును, మాతామహుడైన లోథార్ చక్రవర్తియు, మాతామహి రిఖెంజాయు, మటిల్డా వెనుక ఆమె తండ్రియైన ఇంగ్లండు రాజు రెండవ హెన్రీయు, పితామహియు బారులు తీరియున్నారు. కృత్యాదిని కృతిపతి వంశమును వర్ణించు మన ప్రబంధకవులు చూచినచో, వీడు మనవాడే యని యక్కున జేర్చుకొందురు.

పండితులు పలువురు ఈ గ్రంథమును 1188 ప్రాంతపుదని చెప్పుదురు. అప్పటికి హైన్రిఖునకు రెండు మండలములును లేవు. పినతల్లి బిడ్డ కాకున్నను మేనత్త కుమారుడే యైన ఫ్రెడరిక్ బార్బరోసా చక్రవర్తి, ఇటలీ యుద్ధమునకు సేన నడిగి భంగపడి, 1180లో ఆ మండలములను హరించెను. మామగారి పంచన ప్రవాసముండి వచ్చిన యల్లుడు చిత్రమున మాత్రము కిరీటధారి!

నా చూపు అందు లేనివారి వంకకే పోవును. మటిల్డా తల్లి ఎలినోర్ పేరు అచట లేదు. కుమారుల తిరుగుబాటునకు తోడ్పడి భర్త చెరలోనున్న రాణి కావున కారణ మూహింపదగినదే. రక్తసంబంధము మిక్కిలి సమీపమను కారణముచే 1162లో త్యజింపబడిన తొలిభార్య క్లెమెన్షియాకు చోటుండదని వేరుగ చెప్పనేల? ఆమె కూతురు గెర్‌ట్రూడ్ డెన్మార్కు రాణి యయ్యెను.

నేను గీసిన యీ వంశపు వృక్షమున, 1209లో చక్రవర్తియైన హైన్రిఖు కుమారుడు ఒట్టో సంతానహీనుడగుటచే ఆ కొమ్మ అచటనే నిలిచెను. 1184లో ప్రవాసకాలమున వించెస్టరులో పుట్టిన కడగొట్టువాడు విల్హెల్ము సంతతి మాత్రము 1714లో బ్రిటన్ సింహాసనమువరకు సాగుటచే, వాని క్రింద కాగితము చాలక వేరొక పుట నతికించితిని.