ఆత్రేయి పలుకు – గురుధర్మము

భవభూతి ఉత్తరరామచరితమున ద్వితీయాంకపు విష్కంభమందు ఆత్రేయి పలికిన శ్లోకమొకటి మన పాఠశాలాపండితులకు మిక్కిలి ప్రియమైనది. గురువు బోధ యందఱకును సమమే; మణివంటి బుద్ధిమంతునియందు అది ప్రకాశించును, మట్టిపెల్లవంటి మందునియందు ప్రకాశింపదని దాని తాత్పర్యము. శిష్యుఁడు వెనుకఁబడినపుడెల్ల మనము దీనిని చదివి మన భారమును దింపుకొనుచున్నాము. ఇది నిజముగా గురుధర్మమునకు లక్షణమా? కాదని నా తలంపు. సందర్భమునుండి తెంచి చదువుటచేతనే దీనికి కవి యుద్దేశింపని యర్థము కలిగినదని యీ వ్యాసమున నిరూపింప యత్నించెదను.

ముందుగా వక్త యెవరో చూడవలెను. వాల్మీకికడఁ జదువుచుండిన ఆత్రేయి ఆ యాశ్రమమును వీడి దండకారణ్యమునకు వచ్చినది. కారణమేమని వనదేవతయగు వాసంతి యడిగినది. మహర్షి పెంచుచున్న కుశలవులు అసాధారణప్రజ్ఞ గలవారనియు, పదునొకండవ యేఁట ఉపనయనమైన పిదప వేదమును సైతము అభ్యసించిరనియు, అట్టివారితోఁ గలిసి తనవంటివారు చదువఁజాలరనియు ఆమె చెప్పినది. శ్లోకము అచ్చట వచ్చును. కావున ఇది గురువు తన్ను గూర్చి చెప్పుకొన్న మాట కాదు. వెనుకఁబడిన శిష్యురాలు గురువును నిందింపనొల్లక చెప్పిన మాట. శిష్యురాలి నోట ఇది వినయము. గురువు నోటఁ బడెనేని అహంకారము. వ్యంజనకు హేతువులను చెప్పుచు మమ్మటుఁడు వక్తృవైశిష్ట్యమును మొదట నుంచుట ఊరక కాదు.

ఇఁక ఆమె నడవడిని చూడుఁడు. మట్టిపెల్ల తనంత కదలదు. ఆత్రేయి కదలినది. అగస్త్యాదులవలన వేదాంతవిద్యను గ్రహింపఁగోరి బాటసారి వేషముతో మహారణ్యమునఁ బ్రవేశించినది. క్రౌంచవధమును, బ్రహ్మదర్శనమును, రామాయణావిర్భావమును, అశ్వమేధమున నిలిపిన సువర్ణసీతాప్రతిమను వాసంతికి విశదముగఁ దెలిపినది. ఇంత ధారణయు వివేకమును గలది జడురాలగునా? ఆమెకుఁ గొఱఁతపడినది బుద్ధి కాదు, తన నడకకుఁ దగిన పాఠము. కవి ఆమె నోట నొక మాట పలికించి, ఆమె చేష్టితముచే దానిని సవరించినాఁడు.

కాళిదాసు మాళవికాగ్నిమిత్రము ప్రథమాంకమున ఈ ప్రశ్నమునే మఱియొక ప్రక్కనుండి చూచినాఁడు. గణదాస హరదత్తులను నాట్యాచార్యులు తమలో నెవఁడధికుఁడని కలహింపఁగా పరివ్రాజిక మధ్యస్థురాలైనది. తాను ఎఱుఁగుట యొక నేర్పనియు, ఎదుటివారికి ఎఱిఁగించుట వేఱొక నేర్పనియు, రెండును గలవాఁడే ఆచార్యులలో మిన్న యనియు ఆమె యభిప్రాయము. శిష్యల ప్రయోగమును చూచి గురువులను నిర్ణయింపవలెనని తీర్మానమైనది. ఆత్రేయి పలుకే గురుధర్మమైనచో ఈ పరీక్షకు అర్థమే లేదు. అయితే మందశిష్యుని చేరఁదీయుటయే గురువు అవివేకమను మాటయు ఆ సంభాషణమునఁ గలదు. రాజాంతఃపురమున శిష్యులను ఏఱుకొనవచ్చును. ఊరిబడిలో ఏఱుకొనుట యెక్కడిది?

ఆ కొఱఁతను పూరించినవాఁడు విష్ణుశర్మ. పరవస్తు చిన్నయసూరి 1853లో వెలువరించిన నీతిచంద్రిక నెఱుఁగని తెలుఁగు పండితుఁడుండఁడు. పాటలీపుత్రపు రాజు సుదర్శనుఁడు చదువునొల్లని తన కొడుకులను గూర్చి దుఃఖింపఁగా, విష్ణుశర్మ ఆఱునెలలలో వారిని నీతివిదులను జేసెదనని పూనినాఁడు. ఆయన శాస్త్రమును తగ్గింపలేదు, త్రోవను మార్చినాఁడు. సూత్రములకుఁ జెవియొగ్గనివారు కాకి, తాఁబేలు, నక్క, యెద్దుల కథలకుఁ జెవియొగ్గిరి. విచిత్రమేమనఁగా, చదువునొల్లని బాలురకై పుట్టిన యీ కథలనే మనము ప్రతిపదార్థముల బరువుతో నిండించి, చదువఁగోరు బాలుఁడును ఒల్లకుండునట్లు చేసితిమి.

ఒక్కొక్కనికి ఒక్కొక్క తెఱఁగునఁ జెప్పుట గురువుయొక్క సమత్వమునకు భంగము కాదా యని కొందఱు ఆక్షేపింతురు. బృహదారణ్యకమున ప్రజాపతి దేవతలకును, మనుష్యులకును, అసురులకును ‘ద’ యను నొక్క యక్షరమునే ఉపదేశించెను గదా యందురు. నిజమే. దేవతలు దమమని, మనుష్యులు దానమని, అసురులు దయయని గ్రహించిరి. కాని ప్రజాపతి అక్షరమును పలికి యూరకుండలేదు. తెలిసినదా యని మూఁడు వర్గములను వేఱువేఱుగ నడిగి, వారి యుత్తరములను విని, మూఁడింటిని సరియని యంగీకరించినాఁడు. సమత్వమనఁగా అందఱకును ఒకే తీరున వల్లించుట కాదు. ఎవఁడేమి గ్రహించెనో అందఱియెడలను సమముగ విచారించుట.

నేనును చాలకాలము ఈ శ్లోకము చాటున దాఁగినవాఁడనే. శబ్దరూపములను ఎన్నిమాఱులు చెప్పినను నిలుపుకొనలేని యొక బాలుని తండ్రికి దీనిని తాత్పర్యముతో వినిపించి పంపితిని. మఱుసటి యేఁడు ఆ బాలుఁడు బడి మానినాఁడు. కొన్నేండ్లకు ఒక సంతలో, జనుల నడుమ నిలిచి వాఁడు సుందరకాండకథ చెప్పుచుండఁగా విన్నాను. ఒక్క పేరును తప్పలేదు, ఒక్క ఘట్టమును తాఱుమాఱు కాలేదు. వానికి ధారణ లేదని తీర్పు చెప్పినవాఁడను నేను. కథనుండి శబ్దమునకు త్రోవ చూపవచ్చునని ఆనాఁడు నాకుఁ దోఁచలేదు.

మట్టిపెల్ల ప్రతిబింబమును పట్టదనుట సత్యమే. కాని దానిని తడిపి, మెదిపి, సారెమీఁద నిలిపిన కుమ్మరికి అది కడవయగును. కడవ నీరు నిలుపును, మణి నిలుపఁజాలదు. కావున ఈ శ్లోకమును బోధించు పండితులు, ఆత్రేయి ఆశ్రమమును ఎందులకు వీడవలసివచ్చెనో తొలుతఁ జెప్పి, పిదపనే తాత్పర్యము చెప్పుదురుగాక యని నా విన్నపము.