నమలని ముద్ద

సంగటి గెలికేటప్పుడు మా అవ్వను ఎవరూ పలకరించకూడదు. పలకరించినా పలికేది కాదు. కుండను పొయ్యి మీంచి దించి నేల మీద పెట్టి, దాని మెడను పంగకర్రలో ఇరికించి, పంగ రెండు కొసలనూ పాదాలతో తొక్కిపట్టి, రెండు చేతులా తెడ్డు పట్టుకుని వంగిందంటే ఆ నాలుగైదు నిమిషాలూ ఇంట్లో ఇంకెవరూ లేనట్టే. వాకిట్లో ఎవరైనా నిలబడి "అవ్వా, ఉండావా?" అని కేకేస్తే మేమే బయటికి పరుగెత్తి "గెలుకుతా ఉంది" అని చెప్పేవాళ్ళం. వచ్చినవాళ్ళు అరుగు మీద కూర్చునేవాళ్ళు. ఏం గెలుకుతోందని అడిగినవాళ్ళు లేరు. మా వైపు ఆ క్రియకు కర్మ అక్కర్లేదు.

మా వైపు అంటే ధర్మపురి. ఆ పేరు వినగానే తెలుగువాళ్ళకు గోదావరి ఒడ్డున ఉన్న నరసింహస్వామి గుర్తొస్తాడు. ఇది ఆ ధర్మపురి కాదు. తమిళనాడు వాయవ్యపు మూల, హొగెనకల్ దగ్గర కావేరి కిందికి దూకే జిల్లా. 1965లో సేలం నుంచి దీన్ని విడదీశారు. 2004లో ఇందులోంచి కృష్ణగిరిని వేరు చేశారు. ఒక పక్క కన్నడదేశం, ఉత్తరంగా కృష్ణగిరి దాటితే కుప్పం. పాలక్కోడు చుట్టుపక్కల పల్లెల్లో బస్సెక్కితే తమిళం, సంతలో సగం కన్నడం, ఇంట్లోకి వస్తే తెలుగు. ఎర్రనేల, రాళ్ళు, చింతచెట్లు. కాలవ కింది మడి ఉన్నవాడికి వరి, లేనివాడికి వాన. ఆ వానకు పండేవి రాగులు, సామలు, ఉలవలు, అనపలు. వరన్నం పండక్కీ, చుట్టాలకూ, జ్వరానికీ. నా చిన్నతనంలో "ఏం, ఇంట్లో ఎవరికైనా ఒళ్ళు బాగాలేదా?" అనేది వరన్నం వండినరోజు పక్కింటివాళ్ళ ప్రశ్న.

రాగులంటే ఉత్తరాంధ్రలో చోళ్ళు, తెలంగాణలో తైదలు. మూడు పేర్లున్నా గింజ ఒకటే. ఆ గింజ మనది కూడా కాదు, తూర్పు ఆఫ్రికా ఎగువనేలల నుంచి వేల ఏళ్ళ కింద మన దేశానికి చేరింది. అక్కడ కెన్యా, ఉగాండాల్లో ఈరోజుకీ మరిగే నీళ్ళలో పిండి పోసి చెక్క తెడ్డుతో గెలికి ముద్ద చేసుకుంటారు. ఇప్పుడు ఎక్కువగా మొక్కజొన్న పిండితో చేస్తున్నా పని అదే. వాళ్ళ స్వాహిలీ భాషలో తెడ్డును మ్వికో అంటారు. ఆ సంగతి మా అవ్వకు తెలిసి ఉంటే ఒక్క ప్రశ్నే అడిగేది: "వాళ్ళు నూకలేస్తారా?"

నూకలదే అసలు తగువు. ఉట్టి పిండితో చేస్తే ముద్ద, నూకలేసి చేస్తే సంగటి అని కొందరు గీత గీస్తారు. మా ఇంట్లో రెండు మాటలూ ఒకదానికే వాడేవాళ్ళం. గుప్పెడు బియ్యపు నూకలు ముందే నానబెట్టి, ఎసరు మరిగాక వేసి, మెత్తగా ఉడకనివ్వాలి. పిండి ఎంతైతే నీళ్ళు దానికి రెండింతలు, నూకలకని ఇంకాస్త. ఇది నేను ఇప్పుడు గ్లాసుతో కొలిచి చెబుతున్న లెక్క. అవ్వ లెక్క వేరే. ఎసరు శబ్దం మారాలి. కుండ అడుగున చిటపటలు ఆగి, పైకి బుడబుడమని పొంగే చప్పుడు వచ్చినప్పుడు పిండి.

పిండి పోయడంలోనే సగం విద్య. ముందు చెంచాడు పిండి చన్నీళ్ళలో కలిపి ఎసట్లో పోస్తే నీళ్ళు కాస్త చిక్కబడతాయి. ఆ తర్వాత మిగతా పిండంతా నడిమధ్యన కుప్పగా పోయాలి. పోసి, గెలక్కూడదు. కొత్తగా చేసేవాళ్ళు చెడిపోయేది ఇక్కడే, చెయ్యి ఊరుకోదు. అప్పుడే గెలికితే పైన తడి, లోపల పొడి. ఒక్కో ఉండ గోలీకాయంత అవుతుంది, ఇక బ్రహ్మదేవుడు దిగొచ్చినా అది చితకదు. తెడ్డు కాడతో కుప్పకు నడుమ ఒక బొక్క పొడిస్తే కింది నీళ్ళు అందులోంచి పైకి ఉబికి, పిండి మీదికి పొర్లి, మెల్లగా దాన్ని తడుపుతాయి. మంట తగ్గించి, మూత ఓరగా పెట్టి, పదినిమిషాలు వదిలెయ్యాలి. ఆవిరి కుప్పను చీల్చుకుని పైకి వస్తుంది. పచ్చిపిండి వాసన పోయి, కాల్చిన మట్టి మీద చినుకు పడినట్టు ఒక వాసన లేస్తుంది. ఇంతకన్నా దగ్గరగా చెప్పడం నాకు చేతకాదు.

అప్పుడు దించి, పంగకర్ర. గెలకడమంటే తిప్పడం కాదు. తెడ్డుతో పిండిని కుండ గోడకేసి ఒత్తి, మడిచి, మళ్ళీ ఒత్తడం. బలం చేతుల్లోంచి కాదు, నడుములోంచి వస్తుంది. పాదాలు కుండను కదలనివ్వవు. మెరుపు వచ్చేదాకా గెలికి, రెండు నిమిషాలు మళ్ళీ నిప్పుల మీద పెట్టి మగ్గనిచ్చి, తడిచేత్తో తాకి చూసేది. వేలికి అంటితే ఇంకా కావాలి. అంటకపోతే తడిపిన పళ్ళెంలోకి తిప్పి, చెయ్యి నీళ్ళలో ముంచుకుంటూ, కాలుతున్నా లెక్కచెయ్యకుండా దొర్లించి గుండ్రంగా చేసేది. ఆ నున్నదనం కోసమే ఇంత పాటూ. ముద్ద మీద ఒక్క గీత కనబడినా మా తాత ముందు పెట్టేది కాదు, తన పళ్ళెంలో వేసుకునేది. తాతకు ఆ సంగతి తెలుసో లేదో.

తినడం కూడా నేర్చుకోవాల్సిందే. వేళ్ళతో చిన్న ఉండ తుంచి, దానికి బొటనవేలితో గుంట నొక్కి, పులుసులో ముంచి, మింగెయ్యాలి. నమలకూడదు. నమిలితే పళ్ళకు పట్టుకుంటుంది, రుచి కూడా పోతుంది. మద్రాసు నుంచి పెళ్ళిచూపులకొచ్చిన ఒక చుట్టం మర్యాదకు నములుతూ కూర్చున్నాడనీ, మిగిలినవాళ్ళు చేతులు కడుక్కున్నా ఆయన తొలి ముద్ద దగ్గరే ఉన్నాడనీ మా అత్త ఈరోజుకీ చెబుతుంది. సంబంధం కుదిరింది. ఆ మామ ఇప్పుడు రెండు ముద్దలు అవలీలగా దింపుతాడు.

మింగే తిండి కాబట్టి రుచి భారమంతా పక్కనుండే పులుసుది. మా ఇళ్ళల్లో వంట అంటే అసలు అదే. ఆకుకూర ఉడికించి, రాతిచట్టిలో పప్పుగుత్తితో ఎనిపి చేసే ఎనుపుకూర ఒకటి. దీన్నే తమిళులు కడైసల్ అంటారు. ఇంకొకటి ఉలవకట్టు. ఉలవలు ఉడికిన నీళ్ళు మనుషులకు, గుగ్గిళ్ళు ఎద్దులకు. ఒకే పొయ్యి, ఒకే కుండ, పంక్తులు రెండు. ఆ కట్టులో పాత చింతపండు పడాలి. చింతపండు మాకు కొనే సరుకు కాదు. ఎండాకాలం మొదట్లో చెట్టు దులిపి, పెంకు తీసి, కొట్టి గింజ తీసి, ఉప్పు కలిపి కుండల్లో కుక్కి పెట్టేవాళ్ళు. ఏడాది తిరిగేసరికి నల్లబడి, పులుపులో కొద్దిగా తీపి తొంగిచూసేది. కొత్తపండు పులుసు తింటే పళ్ళు పులుస్తాయి. పాతపండు పులుసు గొంతులో జారుతుంది, ముద్దకు కావలసింది అదే.

అన్నిటికీ పైన పితికిపప్పు. దాని గురించి రాయాలనే అసలు ఈ వ్యాసం మొదలుపెట్టాను, ముద్ద అడ్డొచ్చింది.

రాగి చేలో కొన్ని సాళ్ళకొక సాలు అనప వేస్తారు. రాగి ముందు కోతకొస్తుంది. కోసేశాక అనపతీగకు ఎండా చోటూ దొరికి, మంచుకు పూసి, మార్గశిరం పుష్యాల్లో కాస్తుంది. ముద్ద, ముద్దలోకి పులుసు ఒకే చేలో, ఒకదాని వెనక ఒకటి పండుతాయన్నమాట. అనపకాయ పొట్టుకు జిగురుగా ఒక నూనె ఉంటుంది. మంచు బాగా కురిసిన ఏడు ఆ వాసన ఇల్లంతా పట్టేస్తుంది, ఒలిచిన వేళ్ళకు రెండు రోజులు వదలదు. సంతలో మా అవ్వ కాయను చూసేది కాదు, ముక్కు దగ్గర పెట్టుకునేది. వాసన లేకపోతే బేరం లేదు.

కాయలు ఒలిచి, గింజలు రాత్రంతా నీళ్ళలో నానబెట్టి, పొద్దున పితకడానికి కూర్చోవాలి. బొటనవేలికీ చూపుడువేలికీ నడుమ గింజను పట్టి, కన్ను లేనివైపు నుంచి నొక్కితే పప్పు టప్పున జారి గిన్నెలో పడుతుంది. పొట్టు చేతిలో మిగులుతుంది. అది గొడ్లకు. ఆవును పితకడానికీ అనపను పితకడానికీ మాకు మాట ఒకటే. తమిళంలో కూడా దగ్గర మాటే, పిదుక్కు పరుప్పు అంటారు. శేరు గింజలకు ఒక్క మనిషి కూర్చుంటే పూట గడిచిపోతుంది, అందుకని ఇంట్లో చేతులున్నవాళ్ళంతా కూర్చునేవాళ్ళు. మా ఇంటి తగువులన్నీ ఆ గిన్నె చుట్టూనే తీరాయి, కొన్ని అక్కడే పుట్టాయి కూడా. మా నాన్న, చిన్నాన్న భూమి పంచుకుని ఏడాదిగా మాట్లాడుకోకుండా ఉన్నప్పుడు, అవ్వ వాళ్ళిద్దరి నడుమా గిన్నె పెట్టి లేచి వెళ్ళిపోయింది. మాట్లాడుకున్నారని చెప్పను. గింజలైతే అయ్యాయి.

ధనియాలు, ఎండుమిరపకాయలు, చెక్క, లవంగం, గసాలు వేయించి, కొబ్బరి, ఎర్రగడ్డలు, తెల్లగడ్డలతో నూరి, నూనెలో పచ్చి పోయేదాకా మగ్గించి, నీళ్ళు పోసి, అది తెర్లాక పితికిన పప్పు వెయ్యాలి. పొట్టులేని పప్పు కాబట్టి ఇట్టే ఉడుకుతుంది. గరిటె పెట్టి కలిపితే చిదికిపోతుంది, అందుకని గిన్నెనే గుడ్డతో పట్టుకుని ఊపాలి. ముద్దను వీపు వంచి గెలికిన మనిషే పక్క గిన్నెను పసిబిడ్డ ఉయ్యాల ఊపినట్టు ఊపేది.

రాగికి ఇప్పుడు మంచి రోజులొచ్చాయి. 2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరమంది. నూరు గ్రాముల్లో దాదాపు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుందని డాక్టర్లు చెబుతున్నారు, బెంగుళూరులో రాగి బిస్కెట్టు నుంచి రాగి నూడుల్స్ దాకా అన్నీ దొరుకుతున్నాయి. కావేరీపట్టణం దగ్గర పైయూరులోని పరిశోధనా కేంద్రం రాగిలోనూ ఉలవలోనూ కొత్త వంగడాలు విడుదల చేసింది. నాకు సంతోషమే. కాకపోతే రాగి బిస్కెట్టు తింటే రాగి తిన్నట్టు కాదని నా మొండి అభిప్రాయం. అందులో ఉన్నది పిండి మాత్రమే.

తమిళనాడులో 2008లో రేషన్ బియ్యం కిలో రూపాయి చేశారు, 2011 నుంచి ఉచితం. దాన్ని తప్పుపట్టే నోరు నాకు లేదు. ఆ బియ్యం ఎన్ని ఇళ్ళలో ఆకలి తీర్చిందో కళ్ళారా చూశాను. రోజూ నడుము విరిగేలా గెలికిన ఆడవాళ్ళు తెడ్డు అటకెక్కించి ఊపిరి పీల్చుకున్నారు, అదీ న్యాయమే. పదేళ్ళు దాటాక, 2023లో, ధర్మపురి, నీలగిరి జిల్లాల రేషన్ దుకాణాల్లో రెండు కిలోల బియ్యానికి బదులు రెండు కిలోల రాగులు ఇవ్వడం మొదలుపెట్టారు. రాగులు తిరిగొచ్చాయి. గెలికే చెయ్యి ఈలోపు పోయింది. మా తమ్ముడి ఇంట్లో ఆ రాగుల్ని మరపట్టించి దోసెపిండిలో కలుపుకుంటున్నారు.

చేతితోపాటు మాట కూడా. తమ్ముడి పిల్లలు తమిళ బడిలో చదువుతారు, తెలుగు మాట్లాడతారు, చదవలేరు. వాళ్ళ నోట గెలకడం "కిండడం" అయింది. తమిళ ధాతువుకు తెలుగు తోక. నేను దిద్దబోయి ఊరుకున్నాను. పనే లేనప్పుడు దాని మాటను మాత్రం ఏం చేసుకుంటారు? మా అవ్వకు తెలుగు అక్షరం ఒక్కటి రాదు, సంతకం చోట వేలిముద్రే. అయినా ఆమె దగ్గర గెలుకు, ఎనుపు, పితుకు, మగ్గబెట్టు, చిదుపు అన్నీ వేరువేరుగా ఉండేవి, ఒకదాని చోట ఇంకొకటి వాడితే కూర చెడిపోతుందన్నట్టు. నాకు అక్షరాలొచ్చు. నా వంటింట్లో మాత్రం అన్నిటికీ "కలుపు" ఒక్కటే.

పోయిన పుష్యంలో ఊరికి వెళ్ళినప్పుడు అటక మీంచి తెడ్డు దింపాను. పంగకర్ర దొరకలేదు, ఎవరో ఎప్పుడో పొయ్యిలో పెట్టేశారట. స్టీలు గిన్నెను గుడ్డతో మా అత్త పట్టుకుంది, నేను గెలికాను. రెండోసారి ఒత్తేసరికే గిన్నె జారి అత్త కాలి మీద ఒరిగింది. "నువ్వు వ్యాసాలు రాసుకోపో" అని, నన్ను పక్కకు నెట్టి, డెబ్బై దాటిన ఆవిడ గిన్నెను గోడ మూలకు ఆనించి, మడమతో నొక్కిపట్టి గెలకడం మొదలుపెట్టింది. వాకిట్లో కొరియర్ కుర్రాడెవరో పేరు పెట్టి పిలుస్తున్నాడు. అత్త పలకలేదు. తమ్ముడి కూతురు అనపగింజల గిన్నె వదిలి బయటికి పరుగెత్తింది, వేళ్ళ నుంచి నీళ్ళు కారుతుండగా.

"ఇరుంగ," అంది ఆ కుర్రాడితో తమిళంలో, ఉండమని. తర్వాత ఏం చెప్పాలో తోచక వెనక్కి తిరిగి అడిగింది: "అత్తా, అవ్వ ఏం చేస్తా ఉంది?"