కుందేలు గెలిచింది, బాతు మునిగింది

1988లో వచ్చిన ‘హూ ఫ్రేమ్‌డ్ రోజర్ రాబిట్’లో డిటెక్టివ్ ఎడ్డీ వాలియంట్ చేతికీ, రోజర్ అనే కార్టూన్ కుందేలు చేతికీ కలిపి బేడీలు పడతాయి. బార్ వెనక ఇరుకు గదిలో ఎడ్డీ చెమటలు కక్కుతూ ఆ బేడీలను రంపంతో కోస్తుంటాడు. మధ్యలో పైన వేలాడే దీపానికి దెబ్బ తగిలి అది ఊగడం మొదలెడుతుంది. దీపం ఊగితే గదిలో నీడలన్నీ ఊగాలి కదా. అక్కడ నటిస్తున్నది ఎడ్డీగా వేసిన బాబ్ హాస్కిన్స్ ఒక్కడే. కుందేలును తర్వాత తీరిగ్గా గీశారు. దీపాన్ని కదలకుండా వదిలేసి ఉంటే యానిమేటర్లకు బోలెడు చాకిరీ తప్పేది, ప్రేక్షకుల్లో ఒక్కడూ అడిగేవాడు కాదు. అయినా ఊపారు. ఫ్రేము ఫ్రేముకీ కుందేలు ఒంటి మీద వెలుగు మారుస్తూ చేత్తో గీశారు. ఈలోపు కుందేలు తాపీగా బేడీలోంచి చెయ్యి బయటికి తీసేస్తుంది. ఇంతసేపూ ఎందుకు తీయలేదని ఎడ్డీ మండిపడితే, నవ్వు పండే క్షణం వచ్చాకే అది కుదురుతుందని జవాబిస్తుంది.

ఎనభైల హాలీవుడ్ ఫాంటసీ కామెడీల కిటుకు మొత్తం ఈ రెండు నిమిషాల్లో ఉందని నాకనిపిస్తుంది. వింతను తెర మీదికి తేవడం డబ్బుతో అయ్యే పని. పక్కనున్న మనిషి ఆ వింతతో విసిగిపోయి, దాని మీద చిరాకు పడేలా చెయ్యడం మాత్రం డబ్బుతో అయ్యేది కాదు. హాస్కిన్స్ ఖాళీ గాలిని గొంతు పట్టుకుని గోడకేసి కొట్టాడు. గాలిలోకి చూస్తున్నట్టు కాక, ఎదురుగా మూడడుగుల కుందేలు ఉన్నట్టే అతని చూపు ఆగుతుంది. కంటిచూపు అంగుళం తప్పినా యానిమేషన్ దర్శకుడు రిచర్డ్ విలియమ్స్ బృందం గీసిన బొమ్మలన్నీ బూడిదలో పోసిన పన్నీరయ్యేవి.

రెండేళ్ల ముందు, 1986లో, ఇదే పరీక్షలో ‘హోవార్డ్ ద డక్’ తప్పింది. మార్వెల్ కామిక్స్ బాతు, జార్జ్ లూకాస్ అండ, భారీ బడ్జెట్. ఏ లోటూ లేదు. వేరే లోకం నుంచి ఒహాయో రాష్ట్రంలోని క్లీవ్‌లాండ్‌లో వచ్చిపడ్డ బాతుతో స్నేహం చేసే అమ్మాయిగా లియా థాంప్సన్ మనస్ఫూర్తిగానే నటించింది. తిప్పలల్లా బాతు మొహంతోనే. పొట్టి నటుల్ని బాతు తొడుగులో దింపి, ముక్కూ రెప్పలూ యంత్రాలతో ఆడించారు. ముక్కు కదులుతుంది గానీ మనసు కదిలినట్టుండదు. బాతు కోపమొచ్చినా, ప్రేమొచ్చినా ఒకేలా చూస్తుంటే పాపం ఎదుటి నటి మాత్రం ఏం చేస్తుంది? ఈ సినిమా నష్టాలు పూడ్చుకోవడానికే లూకాస్ తన కంప్యూటర్ విభాగాన్ని స్టీవ్ జాబ్స్‌కు అమ్మేశాడనీ, అలా పిక్సార్ పుట్టిందనీ ఒక ముచ్చట ఇప్పటికీ తిరుగుతుంటుంది. అమ్మకం ఆ ఏడాది ఫిబ్రవరిలో జరిగింది, బాతు థియేటర్లకు వచ్చింది ఆగస్టులో. కథ బాగుంది కాబట్టి తేదీలు ఎవరూ చూడలేదు.

‘గోస్ట్‌బస్టర్స్’ (1984) తొలి చిత్తుప్రతిలో డాన్ అక్రాయిడ్ దయ్యాల వేటగాళ్లను కాలాలు, లోకాలు దాటించి తిప్పాడు. అది తీయాలంటే స్టూడియోలు దివాలా తీస్తాయని దర్శకుడు ఐవాన్ రైట్‌మన్ కథను అప్పటి న్యూయార్క్‌కు దించాడు. సినిమాను బతికించింది ఆ పొదుపే. యూనివర్సిటీ ఉద్యోగం ఊడిన ముగ్గురు మేధావులు ఇల్లు తాకట్టు పెట్టి, పాత ఫైర్ స్టేషన్ తీసుకుని, టీవీలో ప్రకటనిచ్చి దుకాణం తెరుస్తారు. తొలి బేరం ఒక పెద్ద హోటల్లో. బాల్‌రూమ్ సగం ధ్వంసం చేసి దయ్యాన్ని డబ్బాలో బంధించి బయటికొచ్చి బిల్లు చెబుతారు: పట్టినందుకు నాలుగు వేల డాలర్లు, నిలవ ఉంచినందుకు మరో వెయ్యి. మేనేజర్ ఇవ్వనంటే, సరే, మళ్లీ లోపల వదిలేస్తామంటారు. అంతే, డబ్బు చేతికొస్తుంది. హాల్లో ఈల పడేది దయ్యానికి కాదు, ఆ బిల్లుకి.

ఈ కిటుకు తెలుగువాళ్లకు కొత్తేమీ కాదు. 1960 నాటి ‘దేవాంతకుడు’ దగ్గర్నుంచీ మనం యమలోకాన్ని ఆఫీసులాగే చూస్తున్నాం. 1977లో ‘యమగోల’లో ఎన్టీఆర్ నరకానికి వెళ్లి కింకరులకు హక్కుల గురించి నూరిపోస్తుంటే, సత్యనారాయణ యముడిగా గద్దిస్తూ, అల్లు రామలింగయ్య చిత్రగుప్తుడిగా చిట్టాలు తిరగేస్తూ నానా హైరానా పడతారు. టిమ్ బర్టన్ ‘బీటిల్‌జూస్’ (1988)లో చనిపోయిన దంపతులు పరలోకపు ఆఫీసులో నంబరు చీటీ పట్టుకుని తమ వంతు కోసం పడిగాపులు పడతారు. అదే ఏడాది మనకు ‘యముడికి మొగుడు’ వచ్చింది: ఆయువు తీరకముందే ప్రాణం పట్టుకుపోయారు, తిరిగి పంపుదామంటే ఒళ్లు కాస్తా కాలిపోయింది. ఈ చిక్కుముడి 1941 నాటి ‘హియర్ కమ్స్ మిస్టర్ జోర్డాన్’లోనూ, దాన్నే మళ్లీ తీసిన 1978 నాటి ‘హెవెన్ కెన్ వెయిట్’లోనూ ఉంది. మనవాళ్లు దానికి గదా, మీసం, దున్నపోతు చేర్చుకున్నారు. మన పౌరాణికాల్లో ఎస్వీఆర్, సత్యనారాయణల గాంభీర్యం ముందే సిద్ధంగా ఉండటం వల్ల యముడు తడబడ్డప్పుడు నవ్వు రెట్టింపయింది. ఆ సౌకర్యం బర్టన్‌కు లేదు. అందుకని అతను స్పెషల్ ఎఫెక్ట్స్‌ను కావాలనే నాసిగా, తోలుబొమ్మల్లా ఉంచి దాన్నే ఒక పద్ధతిగా మార్చుకున్నాడు.

పిల్లాడు రాత్రికి రాత్రి పెద్దవాడైపోవడం, తండ్రీకొడుకులో తాతామనవళ్లో ఒళ్లు మార్చుకోవడం అనే కథ మీద 1987, 88ల్లో హాలీవుడ్ ఎగబడింది. ‘లైక్ ఫాదర్ లైక్ సన్’, ‘వైస్ వర్సా’, ‘ఎయిటీన్ అగైన్’ వరసగా దిగాయి. అన్నిటి తర్వాత వచ్చిన పెన్నీ మార్షల్ ‘బిగ్’ మాత్రమే నిలబడింది. కథానాయకుడు జాష్‌గా చిన్నప్పటి వేషం వేసిన డేవిడ్ మాస్కో చేత పెద్ద జాష్ సన్నివేశాలు మార్షల్ ముందే చేయించింది. అవి చూసి టామ్ హాంక్స్ ఆ నడక, ఆ భుజాల కుదుపు పట్టుకున్నాడు. మిగతా సినిమాల్లో పెద్దవాళ్లు పిల్లల్లా ‘వేషాలు’ వేశారు. హాంక్స్ విందులో బేబీకార్న్‌ను మొక్కజొన్న పొత్తులా వరసలు వరసలుగా కొరుక్కుతింటాడు, ఎవరైనా చూస్తున్నారన్న ధ్యాసే లేకుండా.

పోయిన సినిమాలన్నీ పోవాల్సినవే అనుకుంటే పొరపాటు. టెర్రీ గిలియమ్ ‘ద అడ్వెంచర్స్ ఆఫ్ బారన్ మున్‌చౌసెన్’ మీద నాలుగున్నర కోట్ల డాలర్లకు పైగా ఖర్చయింది. సినిమా పూర్తయ్యేలోపు కొలంబియా స్టూడియోలో యాజమాన్యం మారింది. కొత్తవాళ్లు పాతవాళ్ల బిడ్డను ముద్దుచేయలేదు. అమెరికాలో నూట చిల్లర ప్రింట్లతో విడుదల చేశారు, వచ్చింది ఎనభై లక్షలు. చంద్రమండలంలో తల ఒకదారి, మొండెం ఒకదారి పోయే రాజుగా రాబిన్ విలియమ్స్‌ను చూస్తే ఇప్పటికీ కడుపు చెక్కలవుతుంది. అలాగని ఆ సినిమాను నేను ఇదివరకటంత హాయిగా చూడలేను. అందులో చిన్నపిల్లగా నటించిన సారా పాలీ, పేలుళ్ల మధ్య తాను ఎంత భయపడిందీ 2022లో తన పుస్తకంలో రాసింది.

జాన్ కార్పెంటర్ ‘బిగ్ ట్రబుల్ ఇన్ లిటిల్ చైనా’ (1986) సంగతి వేరు. అందులో కర్ట్ రసెల్ వేసిన లారీ డ్రైవర్ జాక్ బర్టన్ హీరోలా మాట్లాడతాడు, పని మాత్రం పక్కనున్న స్నేహితుడు వాంగ్ చేస్తాడు. చివరి పోరాటం మొదలవుతుండగా జాక్ వీరావేశంతో పైకప్పుకు కాల్చుతాడు. పెళ్లలు ఊడి తన నెత్తినే పడి స్పృహ తప్పుతుంది. నాయికను ముద్దుపెట్టుకున్నాక మూతికి లిప్‌స్టిక్ అంటిందని తెలియక, దాంతోనే విలన్‌కు ఎదురెళ్తాడు. స్టూడియో కంగారుపడి, జాక్ ఎంత ధైర్యవంతుడో ముందే చెప్పించే సన్నివేశమొకటి మొదట్లో అతికించింది. జోకు అర్థం కానివాళ్లు జోకుకు రాసిన ముందుమాట అది. అమెరికాలో కోటీ పదిలక్షల డాలర్లు వచ్చాయి, ఖర్చులో సగం. ఆ డిసెంబరులోనే దాదాపు అలాంటి సరుకుతోనే ఎడ్డీ మర్ఫీ ‘ద గోల్డెన్ చైల్డ్’ వచ్చి ఎనిమిది కోట్లకు దగ్గరగా వసూలు చేసింది. కార్పెంటర్ ఆ తర్వాత చిన్న బడ్జెట్లలో ‘ప్రిన్స్ ఆఫ్ డార్క్‌నెస్’, ‘దే లివ్’ తీసుకున్నాడు. జాక్ బర్టన్ వీడియో క్యాసెట్లలో మెల్లగా జనం నోళ్లలో నానాడు. ‘గోల్డెన్ చైల్డ్’ను మొన్న మళ్లీ చూశాను. మర్ఫీ నవ్వు తప్ప ఏమీ గుర్తులేదు.