మా ఆడపిల్లల కోసం ఒక నీలిరంగు పుస్తకం

తెలుగు పిల్లల పుస్తకాల్లో మేం లేకపోలేదు. సుల్తానుగా ఉన్నాం. అత్తరు సాయిబుగా ఉన్నాం. రాము, రాబర్టుల పక్కన బొమ్మ నిండడానికి టోపీ పెట్టి నిలబెట్టిన రహీముగా ఉన్నాం. మరి రహీము చెల్లెలేది? ఆమెను ఎవరూ బొమ్మలోకి పిలవలేదు.

అందుకే 'ది ప్రౌడెస్ట్ బ్లూ' చేతికందినప్పుడు మాకు పండగలా అనిపించింది. 2019లో అమెరికాలో వచ్చిన ఈ బొమ్మల పుస్తకాన్ని ఇబ్తిహాజ్ ముహమ్మద్, ఎస్.కె. అలీ కలిసి రాశారు. ఇబ్తిహాజ్ నల్లజాతి ముస్లిం స్త్రీ, కత్తిసాము క్రీడాకారిణి. 2016 రియో ఒలింపిక్స్‌లో హిజాబ్‌తోనే బరిలోకి దిగి, జట్టుతో కలిసి కాంస్యం గెలిచింది. బొమ్మలు వేసింది ఈజిప్టులో పుట్టిన హాతెం అలీ.

కథ చిన్నది. అక్క ఆసియా మొదటిసారి హిజాబ్ కట్టుకుని బడికి పోతుంది. ఆ రోజంతా మనం చెల్లెలు ఫైజా కళ్ళతోనే చూస్తాం. అమ్మకి గులాబీ రంగు ఇష్టమైనా, ఆసియా మెరిసే నీలమే కావాలంటుంది. ఫైజాకి ఆ నీలంలో సముద్రం, ఆకాశం కనిపిస్తాయి. బళ్ళో ఒకడికి మాత్రం అది బల్లమీద పరిచే గుడ్డ. లాగేస్తానని అరుస్తాడు.

ఎగతాళి చేసేవాళ్ళకి చిత్రకారుడు మొహాలు వేయలేదు, నీడల్లా వదిలేశాడు. సినిమాల్లో, వార్తల్లో మొహంలేని గుంపు మేమే కదా! ఇక్కడ మా పిల్లకి మొహం ఉంది, నవ్వుంది, పేరుంది. మొహం పోగొట్టుకున్నది ద్వేషం.

ఒక ప్రశ్న రాకమానదు. పర్దా మీద మా రచయిత్రులే ఘాటుగా రాశారు. షాజహానా 'నఖాబ్' 2005లో వచ్చింది. హిజాబ్ పుస్తకాన్ని మెచ్చుకుంటే వాళ్ళకి ఎదురుపోయినట్టా? కాదంటాం. బలవంతంగా కప్పిన గుడ్డని ప్రశ్నించే గొంతూ మాదే, ఇష్టపడి కట్టుకున్న గొంతూ మాదే. రెండుచోట్లా మాట్లాడేది ఆడమనిషే. ఆమెను అడక్కుండా తీర్పు చెప్పే ముల్లాతోనూ, సర్కారుతోనూ మాకు పేచీ. 2022 ఫిబ్రవరిలో కర్ణాటక సర్కారు యూనిఫాం ఉత్తర్వు ఇచ్చింది. మార్చి 15న హైకోర్టు దాన్ని సమర్థించింది. అక్టోబరులో సుప్రీంకోర్టు న్యాయమూర్తులిద్దరూ చెరోమాట చెప్పారు. ఈలోగా కాలేజీ గేట్ల దగ్గర ఆగిపోయింది మా పిల్లలు.

పుస్తకంలో ఒక లోటుంది. వద్దనుకునే పిల్లకి ఇందులో ఒక్క పేజీ లేదు. దూదేకుల ఇళ్ళలో నెత్తిమీద కొంగు తప్ప హిజాబ్ ఎరగని అమ్మలున్నారు. వాళ్ళ కూతుళ్ళు తక్కువ ముస్లింలా? ఆ పేజీని అమెరికా రచయిత్రి రాయలేదు. మేమే రాసుకోవాలి.

ఖదీర్‌బాబు 'దర్గామిట్ట కతలు' 1999లో మా పిల్లాడి బాల్యాన్ని తెలుగులోకి తెచ్చాయి. మా పిల్లకి కూడా అలాంటి పుస్తకం కావాలి, రంగుల బొమ్మలతో. ఉర్దూ కలిసిన మా ఇంటి తెలుగులో అమ్మీ, ఆపా మాట్లాడుకోవాలి. ఓణీ వేసుకున్న పిల్ల, హిజాబ్ కట్టుకున్న పిల్ల ఒకే బెంచీ మీద కూర్చోవాలి. ఆ పుస్తకం వచ్చేదాకా ఈ నీలిరంగు పుస్తకాన్ని మా పిల్లలకి చదివి వినిపిస్తాం.