సుషీ పెట్టె, ఉప్పుడు బియ్యం

నాచారంలో మేం నెల సరుకులు తెచ్చుకునే సూపర్ మార్కెట్లో ఈమధ్య సుషీ కిట్ పెట్టారు. అట్టపెట్టెలో నోరి రేకులు, అంటే సముద్రపు నాచుని కాగితంలా ఎండబెట్టినవి. కొంచెం జిగురు బియ్యం, బుల్లి సీసాలో వెనిగర్, చుట్టడానికో వెదురు చాప. మొత్తం నాలుగు పెట్టెలు, కొరియన్ నూడుల్స్‌కీ ఓట్స్‌కీ మధ్యన. వాటిని ఫోటో తీసుకుంటున్న ఒక అమ్మాయి వాళ్ళమ్మతో, "చూశావా మమ్మీ, మన నాచారంలో కూడా ఇప్పుడు అన్నీ దొరుకుతున్నాయి" అంది. ఆ 'అన్నీ' దగ్గర నేను ఆగిపోయాను. ఆ వారమే ఆనీ ఎర్నో సూపర్ మార్కెట్ డైరీ చదివి ఉన్నాను, అందుకని. అయినా ఒక పెట్టె బుట్టలో వేసుకున్నాననుకోండి.

ఎర్నోకి 2022లో నోబెల్ వచ్చాక నా స్నేహితులు చాలామంది ఆమె పుస్తకాలు చదివారు. తండ్రి మీద రాసింది, గర్భస్రావం మీద రాసింది. ఈ సన్నటి పుస్తకం జోలికి ఎవరూ పోలేదు. ఫ్రెంచిలో 2014లో, ఇంగ్లీషులో 2023లో 'లుక్ ఎట్ ద లైట్స్, మై లవ్' పేరుతో వచ్చింది. పారిస్‌కి వాయవ్యంగా సెర్జీ అనే కొత్త పట్నం ఉంది. అక్కడి ఓషాన్ హైపర్ మార్కెట్‌కి 2012 నవంబరు నుంచి 2013 అక్టోబరు దాకా వెళ్ళొచ్చినప్పుడల్లా రాసుకున్న డైరీ ఇది. కథ లేదు. బొమ్మల అరల్లో ఆడపిల్లలకి ఏం పెట్టారు, మగపిల్లలకి ఏం పెట్టారు, ఏ వేళకి ఎవరొస్తారు, సెల్ఫ్ చెకౌట్ మిషన్ దగ్గర మనుషులు ఎలా ఉంటారు, ఇవీ సంగతులు. మధ్యలో, 2013 ఏప్రిల్‌లో, బంగ్లాదేశ్‌లో రానా ప్లాజా కూలుతుంది. చవక బట్టల వెనకున్న చావులు ఆ డైరీలోకి వస్తాయి. ఇంతమంది తిరిగే చోటుకి సాహిత్యంలో చోటెందుకు లేదన్నది ఆమె ప్రశ్న.

మన దగ్గర చోటు లేకపోలేదు. తొంభైల తర్వాత వచ్చిన ప్రపంచీకరణ కథల్లో సూపర్ మార్కెట్ ఉంది, విలన్‌గా. అద్దాల షాపు వస్తుంది, కిరాణా కొట్టు శెట్టిగారు దివాలా తీస్తాడు, కథ అయిపోతుంది. ఆ కోపం అబద్ధం కాదు. కానీ ఆ కథల్లో షాపు లోపలికి ఎవరూ వెళ్ళరు. మే నెల మధ్యాహ్నం ఏసీ కోసం ఊరికే తిరిగే ముసలాయన, బిల్లు చూసి ఒక వస్తువు వెనక్కిచ్చేసే ఆవిడ మనకి కనపడరు. ఎర్నో చూసేది అలాంటివాళ్ళనే.

ఆ పుస్తకంలో నన్ను బాగా ఇబ్బంది పెట్టిన చోటు ఒకటుంది. షాపులో చూసిన ఒక స్త్రీని 'నల్లజాతి స్త్రీ' అని రాయాలా వద్దా అని ఎర్నో తర్జనభర్జన పడుతుంది. రాస్తే వేరుచేసినట్టు. రాయకపోతే పాఠకుడు అలవాటుకొద్దీ తెల్లమనిషినే ఊహించుకుంటాడు, అంటే ఆమెని చెరిపేసినట్టు. మా ఏరియాలో మనకి ఆ ఇబ్బందే లేదు. ఉప్పల్ రింగ్ రోడ్డు నుంచి నాచారం ఇండస్ట్రియల్ ఏరియా దాకా ఒడిశా, బెంగాల్, బీహార్, ఛత్తీస్‌గఢ్ నుంచి వచ్చినవాళ్ళున్నారు. అందరినీ ఒకటే మాటతో సరిపెడతాం: 'హిందీవాళ్ళు'. ఒడియా హిందీ కాదు, బెంగాలీ హిందీ కాదు. నేను రాసి దాచుకున్న రెండు కథల్లోనూ వాచ్‌మన్ 'హిందీవాడే'. ఏ ఊరివాడో రాసిన నాకే తెలీదు.

ఏ ఊరివాళ్ళో తెలిసినవాడు మా సందు చివర కిరాణా కొట్టాయన. కొట్టు గట్టిగా కొలిస్తే పదడుగుల వెడల్పు. అందులో ఆవనూనె ఉంటుంది, సత్తు పిండి ఉంటుంది, బెంగాలీలు పోపులో వేసే అయిదు దినుసుల కలగలుపు ఉంటుంది, సంచి నిండా మరమరాలుంటాయి. ఒక మూల ఉప్పుడు బియ్యం. "మనోళ్ళు ముట్టరు సార్. ఒడిశావోళ్ళకి గిదే కావాలె. రాత్రి నీళ్ళు పోసి పెట్టి పొద్దుగాల తింటరు" అన్నాడు. వాళ్ళ పఖాల్, మన చద్దన్నం. ఆయన కిలో అడిగినా ఇస్తాడు, ఖాతా రాసుకుంటాడు.

మనలాంటివాళ్ళకి ఉప్పుడు బియ్యం అంటే టీవీ చర్చ. యాసంగి ఎండలకి తెలంగాణలో పండిన వడ్లు పచ్చిగా ఆడిస్తే నూక ఎక్కువైపోతుంది. అందుకని ఉడకబెట్టి, ఆరబెట్టి ఆడిస్తారు. ఆ బియ్యం తీసుకోమని కేంద్రం, తీసుకోవాలని రాష్ట్రం 2021, 2022ల్లో పెద్ద గొడవే పడ్డాయి. 2022 ఏప్రిల్ 11న అప్పటి ముఖ్యమంత్రి ఢిల్లీలో దీక్షకి కూర్చున్నారు. ఆ బియ్యం తినేవాళ్ళు తగ్గిపోయారన్నది అప్పట్లో ఒక వాదన. తినేవాళ్ళు కొందరు మా సందులోనే అద్దెకుంటున్నారు.

మరి సుషీ పెట్టె ఉన్న షాపులో ఆ బియ్యం ఎందుకు లేదు? ఇక్కడ ఎర్నో నాకు చాలలేదు. ఆమె అరల ముందు నిలబడి చూస్తుంది. అరలోకి ఒక సరుకు ఎలా వస్తుంది, ఎలా పోతుంది అన్నదాన్లోకి పెద్దగా వెళ్ళదు. అది నా పని కాబట్టి నాకు తెలుసు. కొన్నేళ్ళ కింద ఒక విదేశీ రిటైల్ క్లయింట్‌కి, ఏ షాపులో ఏ సరుకు ఉంచాలో లెక్కగట్టే సాఫ్ట్‌వేర్ రాసిన టీమ్‌లో ఉన్నాను. సూత్రం సింపుల్. సరుకు అరలో ఎంత వెడల్పు తీసుకుంటోంది, అంత వెడల్పుకి ఎంత లాభం తెస్తోంది. వరసగా పన్నెండు వారాలు గీతకి కిందుంటే తీసెయ్. ఆ షరతు రాసింది నేనే, అయిదు లైన్ల కోడ్. దాని మీద నాకు శభాష్ అని మెయిల్ కూడా వచ్చింది. ఆ లెక్కలో బిల్లు అయినవాడే మనిషి. కావలసింది లేక తిరిగిపోయినవాడు, అసలు లోపలికే రానివాడు ఏ టేబుల్లోనూ ఉండడు. కొత్త సరుకులకి మాత్రం వేరే దారి. హెడ్డాఫీసులో 'ట్రెండ్' జాబితా ఒకటి తయారుచేసి అన్ని షాపులకీ పంపుతారు. మా నాచారం షాపు ఎవరి లెక్కలతో నడుస్తుందో గానీ, ఆ నాలుగు పెట్టెల్ని చూస్తే నాకా జాబితాలే గుర్తొచ్చాయి. రకాలు పెరిగాయి, నిజమే. ఓట్స్‌లోనే ఆరు రకాలు. ఆరూ ఒకే రకం మనిషికి.

ఎర్నోకి ఇది తెలియకపోవడం ఏమీ లేదు. నార్మండీలో ఇవ్‌తో అనే ఊళ్ళో ఆమె అమ్మానాన్నలు నడిపింది కిరాణా కొట్టే, దానికి ఆనుకుని కేఫే. తండ్రి మీద రాసిన పుస్తకంలో ఆ కౌంటర్ వెనక నుంచి లోకాన్ని చూసింది. ఈ డైరీలో మాత్రం బుట్ట పట్టుకుని క్యూలో నిలబడ్డ కొనుగోలుదారుగానే ఉండిపోయింది. కావాలనే అలా హద్దు గీసుకుందని తెలుస్తూనే ఉంటుంది. అయినా నాకు వెలితిగానే అనిపించింది.

సుషీ గురించి కూడా ఒక మాట. మన అమెరికా కథల్లో సుషీ వస్తే రెండే పనులకి వస్తుంది. ఊరి నుంచి వచ్చిన అత్తగారు "పచ్చి చేపా!" అని ముక్కు మూసుకోవడానికి, లేదా కొడుకు మనవాడు కాకుండా పోయాడని చెప్పడానికి. ఆన్‌సైట్ పని మీద డాలస్‌లో ఎనిమిది నెలలున్నప్పుడు నేను తిన్న సుషీ వేరు. సూపర్ మార్కెట్లో ప్లాస్టిక్ ట్రేలో, రాత్రవుతుంటే ధర తగ్గించిన స్టిక్కర్‌తో, కీరా, అవకాడో పెట్టి చుట్టింది. అసలు సుషీ అన్న పేరు చేపది కాదు, పులుపు పట్టించిన అన్నానిది. పులిహోరకి దూరపు చుట్టం. మొదట్లో చేపని అన్నంలో నెలల తరబడి పులియబెట్టి, అన్నం పారేసి చేప తినేవాళ్ళు. పందొమ్మిదో శతాబ్దం మొదట్లో, టోక్యో ఇంకా ఎడోగా ఉన్న రోజుల్లో, అది వీధిలో అమ్మే చిరుతిండి అయింది. 1958లో ఒసాకాలో బెల్టు మీద తిరగడం మొదలుపెట్టి ఇంకా చవకైంది. నేను కొనే ట్రేలు చుట్టేవాళ్ళు కౌంటర్ వెనక రోజూ కనపడేవారు. చైనావాళ్ళనుకున్నాను. అమెరికా సూపర్ మార్కెట్లలో అలాంటి కౌంటర్లు చాలా వాటిని బర్మా నుంచి వచ్చినవాళ్ళు నడుపుతారని ఎంతో తర్వాత చదివాను. ఎనిమిది నెలల్లో ఒక్కసారీ అడగలేదు.

నేను తెచ్చిన పెట్టెలో బియ్యం ఒక్కపూటకే అయిపోయింది, నోరి రేకులు మిగిలాయి. కొట్టాయన దగ్గర కిలో ఉప్పుడు బియ్యం తెచ్చి వండి చూశాను. మెతుకు మెతుకూ విడివిడిగా ఉంది. వెదురు చాప మీద ఎంత నొక్కినా చుట్ట నిలబడదు. మా ఆవిడ కాసేపు చూసి, అన్నమంతా గిన్నెలోకి తీసి నీళ్ళు పోసి మూత పెట్టింది. పొద్దున్నే ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ నంజుకుని తిన్నాం. నోరి ఇంకా ఫ్రిజ్ మీదే ఉంది.