ఆ ఇద్దరికీ గది ఎవరిస్తారు?

ఫ్యాక్షన్ ప్రేమకథ రాసుకొచ్చే పిల్లల్ని నేను మొదట అడిగేది ఒకటే: ఈ ఇద్దరూ ఎక్కడ కలుసుకుంటారు? ఎన్ని సుమోలు పేలాయి, ఎన్ని తలలు తెగాయి అన్నది తర్వాత చూద్దాం. ఉస్మానియా క్యాంపస్‌ను ఆనుకుని ఉన్న మాణికేశ్వర్ నగర్‌లో ఉంటాను కాబట్టి రాసేవాళ్లకు కొదవ లేదు. హాస్టళ్ల నుంచి, తార్నాక నుంచి నడిచొచ్చి చదివి వినిపిస్తారు. మూడో పేజీకే కత్తి దిగుతుంది. ఆ అమ్మాయి, అబ్బాయి నిలబడి మాట్లాడుకునే చోటు మాత్రం కనబడదు.

1997లో ‘ప్రేమించుకుందాం రా’ వచ్చినప్పుడు కర్నూలు కక్షల మధ్య ప్రేమ కొత్తగా ఉంది. 2003 సంక్రాంతికి వచ్చిన ‘ఒక్కడు’లో గుణశేఖర్ చేసిన పని నాకింకా ఇష్టం. విలన్ ఓబుల్‌రెడ్డి ఊరంతా గాలిస్తున్న పిల్లను హీరో తెచ్చి తన గదిలోనే దాచాడు. అదే ఇంట్లో నాన్న పోలీసు ఆఫీసరు. ఫైట్ల కంటే ఆ తలుపు దగ్గర అడుగుల చప్పుడుకే గుండె ఎక్కువ కొట్టుకుంటుంది.

2010లో ‘మర్యాద రామన్న’కు రాజమౌళి చోటును ఇంకా కుదించాడు. పగవాళ్ల ఇంటి గడప లోపల అతిథి నెత్తురు చిందకూడదు, దాటితే వదలరు. ఈ కిటుకు బస్టర్ కీటన్ 1923 నాటి మూకీ ‘అవర్ హాస్పిటాలిటీ’లోది. దానికి మూలం అమెరికాలో హాట్‌ఫీల్డ్, మెకాయ్ కుటుంబాల పగ. ఆ ఇంటి జాన్సీ, ఈ ఇంటి రోజానా 1880లో నిజంగానే ప్రేమించుకున్నారు. చివరికి జాన్సీ పెళ్లాడింది రోజానాను కాదు, ఆమె చుట్టాలమ్మాయిని! సినిమావాళ్లు ఈ ముక్క ముట్టుకోరు. నేనైతే కథ అక్కడే మొదలుపెడతాను.

మన సినిమాల్లో సీమ నుంచి పారిపోయిన జంటకు హైదరాబాద్ చేరితే సగం గండం గడిచినట్టే. ఇక్కడ జనం వడ్డెర బస్తీ అని పిలిచే మా గల్లీల్లోకి వచ్చి చూడండి. టులెట్ బోర్డు చూసి తలుపు కొడితే ఓనర్ ఆంటీ, ‘ఏ ఊరు బిడ్డా మీది? ఇంటిపేరేంది?’ అంటుంది. ఊరు చెబితే వర్గం, ఇంటిపేరు చెబితే కులం బయటపడతాయి. పెళ్లయిందంటే ఫొటో చూపించాలి. ఆధార్ జిరాక్స్ ఇవ్వాలి. అడ్వాన్స్ ఫోన్‌పేలో కొడితే పేరు అక్కడా పడుతుంది. విలన్‌కు సుమో ఎందుకిక?

తండ్రి ఫ్యాక్షన్ నాయకుడే కానక్కర్లేదు కూడా. 2018 సెప్టెంబరులో మిర్యాలగూడలో ఆసుపత్రి బయట, గర్భిణి అయిన భార్య కళ్లముందే ఒక దళిత యువకుణ్ణి నరికారు. సుపారీ ఇచ్చింది మామ. మరుసటి నెలలోనే ‘అరవింద సమేత’ విడుదలైంది. హాల్లో కత్తులకు ఈలలు వేస్తుంటే నాకు కుర్చీలో కూర్చోబుద్ధి కాలేదు. పాపం, ఆ సినిమా అడిగింది కూడా చంపుకున్నాక మిగిలిన ఆడవాళ్ల గురించే.

కక్షకు కారణం రాయమంటే పిల్లలు మీసం, పరువు అని రాస్తారు. మీసం మీద తరాలు నడవవు. సారా వేలం పాటలు, రోడ్డు కాంట్రాక్టులు, మంగంపేట ముగ్గురాయి గనులు, వీటి డబ్బు ఎటు పోయిందో చూడాలి. సీమ ముఠాల మీద హక్కుల నేత బాలగోపాల్ రాసినవి చదవమని పంపిస్తుంటాను. చదివినవాళ్ల కథల్లో నాన్నలు మారతారు: అరవడం తగ్గించి లెక్కలు చూసుకుంటుంటారు. అప్పుడు భయమేస్తుంది.

మొన్న ఎం.ఏ. చదివే ఒకమ్మాయి తెచ్చిన కథలో కత్తే లేదు. కడప జంట మా గల్లీలో గది తీసుకుంటుంది. అమ్మాయి బాబాయి ఎలాగో నంబరు సంపాదించి ఓనర్ ఆంటీకి ఫోన్ చేసి, ఎంతో మర్యాదగా, ‘అమ్మా, మా పిల్ల మీ ఇంట్లోనే ఉందంటగా, బాగుందా?’ అంటాడు. కథ అక్కడ ఆపేసింది. బాగుంది గానీ ఆపితే కుదరదన్నాను. ఆంటీకి ఆ నెల అద్దె ఇంకా అందలేదని ముందే రాసింది కదా. ఆమె ఏం జవాబు చెప్పిందో తేల్చుకుని వచ్చే ఆదివారం రమ్మన్నాను.