కమ్మచ్చు మరచిన నిర్వచనం

లోహం తీగలుగా సాగే గుణమే తాంతవత. బంగారానికి ఆ గుణం మెండు, పోత ఇనుముకు లేదు. పాఠ్యపుస్తకాలలో తరతరాలుగా కనిపించే ఈ వాక్యాలు అబద్ధాలు కావు. కాని సాంద్రత వలె తాంతవత కూడ లోహానికి స్థిరగుణమనే భ్రమను ఇవి విద్యార్థికి కలిగిస్తున్నవి.

పంజాగుట్ట నగల దుకాణాలలో మెరిసే గొలుసులను చూడండి. అటువంటి తీగను కంసాలి కమ్మచ్చు బెజ్జాల గుండా లాగి సన్నం చేయడం పాత పద్ధతి. "కమ్మచ్చున తీసినట్లు" అనే పలుకుబడి అందులోనిదే. అక్కడ లాగుడు ఒక్కటే పనిచేయదు. బెజ్జపు గోడలు లోహాన్ని చుట్టూ నొక్కుతాయి. ఆ నొక్కుడు లేక, రెండు కొనలూ పట్టి లాగితే బంగారమైనా ఒకచోట నడుము సన్నబడి తెగుతుంది. నిర్వచనానికి ఆధారమైన పనిలోనే పీడనం దాగి ఉండగా, పుస్తకం దాని ఊసే ఎత్తదు.

ఈ లోటు తీర్చగల గ్రంథం 1952లో వెలువడింది. రచయిత హార్వర్డ్ ఆచార్యుడు, 1946లో నోబెల్ బహుమతి పొందిన పెర్సీ బ్రిడ్జ్‌మన్. మహాసముద్రపు అతి లోతైన చోట పీడనం వాతావరణ పీడనానికి సుమారు 1,100 రెట్లు. అంతకు ఎన్నోరెట్లు పీడనంగల ద్రవంలో ఆయన ఉక్కు కడ్డీలను లాగి చూచాడు. ఉక్కు లొంగనారంభించే బలం పెద్దగా మారలేదు. తెగేలోపల సాగిన సాగుదల మాత్రం ఎంతో పెరిగింది. తెగిన ముఖంలో నడిమి గరుకు భాగం కూడ పీడనం హెచ్చిన కొద్దీ కుంచించుకుపోయింది.

కొలతలలో ఇంత ఉదారమైన ఆ గ్రంథం కారణాల వద్ద పిసినారి. లాగినప్పుడు లోహంలోని మలినకణాల వద్ద సూక్ష్మరంధ్రాలు పుట్టి, పెరిగి, కలిసిపోతే చీలిక ఏర్పడుతుంది. చుట్టుపీడనం వాటిని తెరచుకోనీయదు. లోహపు పొరలు జారడాన్ని మాత్రం అంతగా అడ్డదు. ఈ రంధ్రాల పెరుగుదలకు గణితరూపం మెక్‌క్లింటాక్ (1968), రైస్, ట్రేసీ (1969) రచనలలో వచ్చింది. ఉపాధ్యాయులు వాటినీ కలిపి చదివితేనే బ్రిడ్జ్‌మన్ అంకెలు మాట్లాడతాయి.

"చుట్టూ" అన్న మాట ముఖ్యం. సుత్తిదెబ్బ కూడ నొక్కుడే, కాని ఒకవైపు నుండి. పోత ఇనుము పగులుతుంది. 1911లో ఫాన్ కార్మన్ చలువరాతిని పక్కలనుండి కూడ నొక్కుతూ అణచగా, రాయి పగలక రూపు మార్చుకొన్నది!

హైదరాబాదులోనే మౌలాలి వద్ద 1971లో నెలకొన్న అణు ఇంధన సముదాయంలో జిర్కోనియం మిశ్రలోహపు గొట్టాలు తయారవుతున్నవి. మొదట వేడిదిమ్మెను అచ్చుగుండా లాగరు, నెడతారు. ఎందుకని విద్యార్థి అడిగితే, పై నిర్వచనంలో జవాబు లేదు.